బిషప్పు గారు తలుపు తట్టేదాకా

మూడోసారి తట్టేదాకా తియ్యకూడదు, మొదటి దెబ్బకు కాదు, రెండో దెబ్బకూ కాదు, బిషప్పు గారు తన పొడుగాటి చేతికర్రతో మూడుసార్లు తట్టాలి, అప్పుడు నేను తలుపు తీసి, తాళంచెవి అందించి, పక్కకు తప్పుకోవాలి, కొత్త బడి ప్రారంభోత్సవంలో ఇంతే కదా నా పని, దీనికి నిన్న మధ్యాహ్నమంతా రిహార్సల్ చేయించారు, కర్రకు బదులు నేల తుడిచే కర్ర పట్టుకుని ఆటల మాస్టారు బిషప్పు వేషం కట్టి బయట నిలబడ్డాడు, ఆయన ఇలా చెయ్యెత్తాడో లేదో తలుపు దానంతటదే సర్రున తెరుచుకుంది, మనిషి దగ్గరికొస్తే చాలు తెరుచుకునే గాజు తలుపులు మరి, వీటిని కర్రతో తట్టే బిషప్పులు కూడా ఉంటారని కట్టినవాళ్ళకేం తెలుసు. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. ఇవాళ వీటికి కరెంటు తీసేశారు, ఇప్పుడివి మామూలు గాజు పలకలు, నేను రెండు చేతులతో పక్కకు నెట్టాలి. నెడతాను, అదేమంత పని, ముప్పై ఏళ్ళ పాటు కిల్న్‌బ్యాంక్ హైస్కూల్లో వంట క్లాసు చెప్పినదాన్ని, ఎంత పిండి పిసికాయో ఈ చేతులు. అందరికంటే పాతకాపుని నేనే కాబట్టి తలుపు నేనే తియ్యాలట. మా అమ్మ ఉండుంటే చూడాలి, పక్కా మెథడిస్టు, బిషప్పులే లేని చర్చి ఆవిడది, బిషప్పులంటే ఆవిడకు పట్టుబట్టలు కట్టుకున్న దొరలు, వాళ్ళకు తలుపు తీస్తావుటే బెవర్లీ, నీకు వేరే పని దొరకలేదూ అని దులిపేసేది. దేవుడి మీద నాకైతే ఎటూ పెద్ద పట్టింపు లేదు, పట్టింపంతా పిల్లల మీదే.

బిషప్పు గారింకా రాలేదు. కొండ మీది రోడ్డులో గొర్రెల లారీ అడ్డం తిరిగిందట, దారంతా గొర్రెలేనట, కబురొచ్చి చాలాసేపైంది. నా వెనక హాలు నిండా జనం, ఊదారంగు కోట్లలో పిల్లలు, టోపీలు పెట్టుకొచ్చిన తల్లులు, మేయరు, పాదిరీలు, కీబోర్డు వాయించే కుర్రాడికి వచ్చిన పాటలన్నీ అయిపోయి మొదటి పాటే మళ్ళీ అందుకున్నాడు. సన్నగా, ఊరికే తడిపే వాన, మా హాల్డెన్‌షాలో దీన్నెవరూ వాన కింద లెక్కెయ్యరు. నా పక్కన సుమయ్యా అఖ్తర్, పదకొండో తరగతి, బళ్ళో ఆడపిల్లలందరికీ నాయకురాలు, చేతుల్లో ఊదా దిండు, దిండు మీద వెండిరంగు తాళంచెవి, ఆ తాళంచెవి ఏ తాళానికీ పట్టదు, ఉత్త అలంకారం.

"మిస్, చేతులు పడిపోతున్నాయి."

"కాసేపు కింద పెట్టు తల్లీ."

"నేల మీదా? ఇది పవిత్రం కాదూ?"

"బజార్లో బేరమాడి కొన్న దిండది. పెట్టు."

పెట్టలేదు, మోచేతుల మీదికి జరుపుకుంది, ఎంత బుద్ధిమంతురాలో. ఇదే పిల్ల రెండేళ్ళ కిందట నా క్లాసులో పాయసం మాడ్చి, మాడితే ఏమైంది మిస్, మేం కిల్న్‌బ్యాంక్ వాళ్ళం, మా దగ్గర అంతకంటే ఎవరు ఆశిస్తారు అంది. నవ్వుతూనే అంది. గరిట నా చేతిలోనే ఉండిపోయింది, ఆ మాట ముల్లులా దిగిపోయింది, అప్పటికి మా బడికి సర్కారు తనిఖీ అయి వారం కూడా కాలేదు.

వానలోకి చూస్తూ నిలబడ్డాను. గాజు అవతల మెట్లు, మెట్లకవతల ముంగిలి, దాని చివర ఆకుపచ్చ ఇనుప కంచె, కంచె అవతల రోడ్డు, రోడ్డు మీద కుక్కను నడిపిస్తూ ఒక మనిషి. ఇందాకా చూశాను ఆ మనిషిని, అటునుంచి ఇటు వెళ్ళాడు, ఇప్పుడు ఇటునుంచి అటు. కుక్క బక్కపల్చగా, పొడుగు కాళ్ళతో ఎటో లాగుతోంది, ఆయన ఇంకెటో లాగుతున్నాడు, తాడు పట్టుకున్న చెయ్యి ఒంటికి దూరంగా చాచి, పామును పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఎడమ భుజం కాస్త కిందికి. ఆ భుజం నాకు తెలుసు. రోజూ పొద్దున్నే గేటు దగ్గర, ఎండైనా మంచైనా, ఆ భుజం కిందికేసి నిలబడి వచ్చిన ప్రతి పిల్లనీ ప్రతి పిల్లాణ్ణీ పేరు పెట్టి పలకరించే మనిషి, మీ అమ్మ ఆపరేషన్ ఎలా జరిగింది, మీ అన్న జైలునుంచి వచ్చాడా, నీ బూట్లేవిరా అని అడిగే మనిషి. డెరెక్ ఓల్డ్‌రాయిడ్. మా పాత హెడ్‌మాస్టరు. డెరెక్‌కి కుక్క లేదు. కుక్కంటే డెరెక్‌కి చచ్చేంత భయం, పోస్టుమాస్టరింటి ముసలి కుక్క తోకాడిస్తే ఎదురు కాలిబాట మీదికి దాటేవాడు. అరువు తెచ్చుకున్నాడు. ఎవరైనా చూస్తే, అదేం లేదు, ఊరికే కుక్కను తిప్పుతూ ఇలా వచ్చాను అనడానికి ఎవరి కుక్కనో అరువు తెచ్చుకున్నాడు.

పొద్దున స్టాఫ్ రూములో నేనే అడిగాను, డెరెక్ ఏ వరసలో కూర్చుంటున్నాడు, ఆయన పక్క కుర్చీ నాకిచ్చెయ్యండి అని. ప్రిన్సిపల్ జొయానా విట్లమ్ చేతిలో టీ కప్పు అక్కడే ఆగిపోయింది. ఆవిడ మొహం పాలిపోవడం నేను మొదటిసారి చూశాను. పాత స్కూలు పాలకవర్గం పిలుస్తుందని ఈవిడ అనుకుంది, పాత పాలకవర్గం స్కూలుతో పాటే రద్దైపోయింది, రద్దైనవాళ్ళు పిలవడం మర్యాద కాదని వాళ్ళు చర్చివాళ్ళకు వదిలేశారు, చర్చివాళ్ళు కౌన్సిలుకు, కౌన్సిలు మళ్ళీ ఈవిడకు. పిలవకూడదని ఒక్కరూ అనుకోలేదు, ఒక్కరూ పిలవనూ లేదు. ఇప్పుడైనా ఫోన్ చెయ్యండి అన్నాను. "ఇప్పుడా బెవర్లీ? ఇంకో రెండు గంటల్లో మొదలనగా? ఎవరో రాలేదు, కుర్చీ ఒకటి మిగిలింది, రండి అన్నట్టుండదూ? అసలు పిలవకపోవడం కంటే అది పెద్ద అవమానం కాదూ?" అంది, కళ్ళలో నీళ్ళే తక్కువ. చుట్టూ ఉన్నవాళ్ళంతా అవునవును, పాపం, ఆయన్ని ఇబ్బంది పెట్టకూడదు అన్నారు. నేనూ తలూపాను. మా జనం అంతే, ఇల్లు తగలబడుతున్నా, నిద్ర చెడగొడుతున్నందుకు క్షమించండి అని మొదలుపెట్టి విషయానికొచ్చేసరికి కప్పు కూలిపోతుంది. ఆ మనిషేమో మమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదని కుక్కను తెచ్చుకుని వానలో తిరుగుతున్నాడు.

విట్లమ్ చెడ్డ మనిషైతే నాకెంత సుఖంగా ఉండేదో. మొదట్లో అలాగే అనుకుందామని శాయశక్తులా ప్రయత్నించాను, ఊదా కోట్లేమిటి, వసారాల్లో మాట్లాడకుండా నడవడమేమిటి, పొద్దున్నే ప్రార్థనేమిటి, సెయింట్ ఓస్విన్ చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ అకాడమీ అని నోరు తిరగని పేరేమిటి, కిల్న్‌బ్యాంక్ అంటే ఏం తక్కువైంది అని. పిల్లల్లో సగంమంది ముస్లింలు, మిగతా సగంమందికి చర్చంటే పెళ్ళికో చావుకో వెళ్ళే చోటు, ఇక్కడ చర్చి బడేమిటని ఊరంతా గొణిగింది. సుమయ్యా వాళ్ళ నాన్న, టాక్సీ నడిపే మనిషి, మా పిల్లను మోకాళ్ళ మీద కూర్చోపెడతారా అని నేరుగా వచ్చి అడిగితే, విట్లమ్ ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళి, వాళ్ళు పెట్టిన సమోసాలు తిని, వాళ్ళ ముసలమ్మ చెప్పిన మోకాలినొప్పుల కథంతా విని, మీ పిల్లను ఎవరి దేవుడికీ అప్పగించను, పరీక్షలకు మాత్రం అప్పగిస్తాను అని చెప్పి వచ్చింది. చెప్పినట్టే చేస్తోంది. ఇప్పుడు పిల్లలు చదువుతున్నారు. పాత స్కూల్లో మూడో పాఠం గంటకు కుర్చీలు గాలిలో ఎగిరేవి, ఇప్పుడు నా వంటగదిలో గరిట గిన్నెకు తగిలితే వినిపిస్తుంది. ఒప్పుకోవడానికి నోరు రాదు గాని ఇది మంచి బడి. మాది మంచి బడి కాదు. అంటే, మంచి మనిషి నడిపిన చెడ్డ బడి. ఈ రెండూ ఒకేచోట ఎలా ఇముడుతాయో ఇన్నేళ్ళైనా నాకు తెలియలేదు.

చుట్టుపక్కల ఏ బడీ తీసుకోని పిల్లలందర్నీ డెరెక్ తీసుకునేవాడు. ముగ్గురేసి టీచర్లను ఏడిపించినవాళ్ళూ, చాకుతో దొరికినవాళ్ళూ, నిన్నే ఈ దేశానికొచ్చి మన మాట ఒక్కటీ రానివాళ్ళూ. వద్దు డెరెక్, ఇప్పటికే మునిగిపోతున్నాం అంటే, "మరి వాళ్ళెక్కడికెళ్ళాలి బెవ్?" అనేవాడు. అంతే, ఇంకో వాదన ఉండేది కాదు ఆయన దగ్గర. ఉండాల్సింది. వాళ్ళను తీసుకున్నాక ఏం చెయ్యాలన్నది కూడా ఆలోచించాల్సింది. మంచి టీచర్లు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, లెక్కల పాఠానికి లెక్కలు రాని వాళ్ళొచ్చారు, తనిఖీవాళ్ళు వచ్చి రెండు రోజులు తిరిగి, మర్యాదగా నా చేతి కేకు కూడా తిని, చివరికి ఒకే ఒక్క మాట రాసి వెళ్ళారు. సరిపోదు. బస్సులో సెయింట్ ఎవరిదో పేరున్న ఇంకో బడి పిల్లలు మా పిల్లల్ని చూసి ఆ మాటే పాటగా కట్టి పాడేవారట. చేపల కొట్టు దగ్గర వరసలో నిలబడితే కొట్టువాడు, "కిల్న్‌బ్యాంక్ టీచరమ్మవా? అయితే ఇంకో రెండు ముక్కలెక్కువేస్తాలే పాపం" అన్నాడు, జాలిపడ్డాడు, ఆ జాలికి ఆ చేపను వాడి మొహాన కొట్టాలనిపించింది. ఆ రోజు సాయంత్రం డెరెక్ స్టాఫ్ రూముకొచ్చి అందరికీ తనే టీ పెట్టాడు. ఎవరికి చక్కెర ఎంతో, ఎవరికి పాలు వద్దో ఒక్కటీ పొరబడలేదు. నా కప్పు నాకిస్తూ, "తప్పు నాదని వాళ్ళు అన్నారు, నిజమే అన్నాను, మీరెవరూ బాధపడకండి" అన్నాడు. టర్మ్ మధ్యలో ఇచ్చే వారం సెలవులకు వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. రావద్దన్నారు. వీడ్కోలు లేదు, కేకు లేదు, ఆయన గదిలోని జెరేనియం పూలకుండీని స్వీపరు నా వంటగది కిటికీలో పెట్టి వెళ్ళాడు.

"మిస్," సుమయ్యా గొంతు మారిపోయింది. "మిస్, అది మన సర్ కదూ?"

"ఎక్కడ?"

"మిస్, ఊరుకోండి. మీరు ఇందాకట్నుంచీ అటే చూస్తున్నారు."

ఈ కాలం పిల్లల దగ్గర ఏదీ దాగదు. అవునన్నాను. "లోపలికెందుకు రావట్లేదు? అలిగారా?" అంది. పిలవలేదు తల్లీ అన్నాను, ఆ మాట బయటికి అనగానే ఎంత నీచంగా వినిపించిందో. "పిలవకపోవడమేంటి మిస్? సర్‌ని పిలవాలా?" అని దిండు వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది. "మా నాన్నని స్టేషన్లో పెట్టినప్పుడు సర్ రాత్రంతా మా ఇంట్లోనే ఉన్నారు, మీకు తెలుసా? అమ్మకి ఇంగ్లీషు రాదుగా, ఫోన్లన్నీ సర్ చేశారు. వేరేవాళ్ళనుకుని పట్టుకెళ్ళారు నాన్నని, పొద్దున్నే వదిలేశారు. సర్ ఎవరికీ చెప్పలేదు కదా?" చెప్పలేదు. నాక్కూడా చెప్పలేదు. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో ఆ హాల్లో, ఒక్కో ఊదా కోటు కింద ఒక్కోటి.

కంచె అవతల కుక్క ఆగింది, ఆయనా ఆగాడు. వంగి బూటు తాడు కట్టుకుంటున్నట్టు చేశాడు, చాలాసేపు కట్టుకున్నాడు, తల మాత్రం ఇటే. ఏం చూస్తున్నాడు? ఇంత దూరాన్నుంచి ఏం కనిపిస్తుంది ఆయనకి, ఈ గాజులో ఆకాశం తప్ప? వెళ్ళిపోతాడేమో. వెళ్ళిపోతే ఇక రాడు, నాకు తెలుసు, కొట్టుకు వెళ్ళినా ఈ రోడ్డు తప్పించి చుట్టు తిరిగి వెళ్తాడు, బతికినన్నాళ్ళూ ఇదే ఊళ్ళో ఉంటూ ఈ రోడ్డు లేనట్టే బతుకుతాడు. వెళ్ళకు డెరెక్, వెళ్ళకు, కట్టుకో, ఆ రెండో బూటు కూడా కట్టుకో. అంతలో నల్ల కారు వచ్చి ఆగింది, గొడుగులు విచ్చుకున్నాయి, బంగారు జరీ అంగీ తడవకుండా ఇద్దరు పాదిరీలు చెరో అంచూ పట్టుకున్నారు, వెనక హాల్లో వెయ్యి కుర్చీలు ఒక్కసారి కదిలిన చప్పుడు, కీబోర్డు ఠక్కున ఆగింది, విట్లమ్ వచ్చి నా వెనక నిలబడింది, ఆవిడ ఊపిరి నాకు వినిపిస్తోంది. సుమయ్యా దిండు సరిగ్గా పట్టుకుంది.

మొదటి దెబ్బ. గాజు పగులుతుందేమో అనిపించేంత గట్టిగా తట్టాడు, పాపం ఆయనకు గాజును తట్టడం అలవాటు లేదు. నేను బిషప్పు గారి మొహం చూడాలి, చూడట్లేదు, ఆయన భుజం మీదుగా కంచెనే చూస్తున్నాను. డెరెక్ నిటారుగా నిలబడ్డాడు. టోపీ తీశాడు. వానలో, రోడ్డు మీద, ఎవరూ చూడట్లేదనుకుని, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

రెండో దెబ్బ. తీసి, తాళంచెవి అందించి, పక్కకు తప్పుకో బెవర్లీ. నీకు పెన్షనుకు ఇంకా నాలుగేళ్ళుంది. విట్లమ్ నీకేం అన్యాయం చేసింది, ఈ రోజు ఆవిడ రోజు, పిల్లల రోజు. ఆయనా కోరేది అదే, ఇబ్బంది పెట్టకూడదు, ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదు, ఇబ్బంది పెట్టకూడదనుకుంటూనే కదా ఇంతమందిమి కలిసి ఒక మనిషిని ఇంత కోతకోశాం.

మూడో దెబ్బ. నెట్టాను. చల్లగాలి, వాన వాసన. బిషప్పు గారు చిరునవ్వుతో చెయ్యి చాచారు తాళంచెవి కోసం. "ఒక్క నిమిషం అయ్యా, తప్పుగా అనుకోకండి" అన్నాను. నా గొంతేనా అది? "కంచె అవతల ఒకాయన ఉన్నారు. ఆయన లేకుండా ఈ తాళంచెవి ఇవ్వడం నాకు బావుండదు." బిషప్పు గారు వెనక్కి తిరిగి చూశారు, కుక్కను చూశారు, టోపీని చూశారు. "వెళ్ళండమ్మా," అన్నారు. "గొర్రెల పుణ్యమా అని నేనెలాగూ ఆలస్యంగానే వచ్చాను. ఇంకాస్త ఆలస్యాన్ని కూడా వాటి మీదికే తోసేద్దాం."

మెట్లు దిగాను, పాదిరీల గొడుగుల మధ్యనుంచి దూరి, ముంగిలి దాటి కంచె దగ్గరికి వెళ్ళాను, కొత్త బూట్లు నీళ్ళలో తపతపమంటున్నాయి. నన్ను చూసి డెరెక్ కంగారుగా టోపీ పెట్టేసుకున్నాడు.

"బెవ్! ఏంటిది, తలుపు దగ్గర ఉండాల్సినదానివి. నేనేదో ఊరికే కుక్కని..."

"ఎవరిది కుక్క?"

"పక్కింటావిడది. ఆవిడకి నడుంనొప్పి. దీనికి రోజూ నడక లేకపోతే..."

"దీని పేరేంటి?"

నోరు తెరిచాడు. తొమ్మిదివందల మంది పిల్లల పేర్లు, వాళ్ళ అమ్మల పేర్లు, వాళ్ళ జబ్బుల పేర్లు నోటికొచ్చిన మనిషి, కుక్క వైపు చూశాడు, కుక్క ఆయన వైపు చూసింది.

"తెలీదు," అన్నాడు. "అడగడం మర్చిపోయాను."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. "ఎందుకు రాలేదు డెరెక్?" అన్నాను. "పిలవలేదుగా," అన్నాడు, నిష్ఠూరంగా కాదు, వాతావరణం గురించి చెప్పినట్టు. "ఇంకెవరో పిలిచారని ప్రతి ఒక్కరూ అనుకున్నారు. ఇవాళ పొద్దున తెలిసింది. తెలిశాక పిలవడానికి సిగ్గుపడి చచ్చాం." వాన ఆయన కళ్ళద్దాల మీద చుక్కలు చుక్కలుగా దిగుతోంది. "ఓహో, అలాగా," అన్నాడు చివరికి. "నేను కావాలనే అనుకున్నాను. సరే, న్యాయమే కదా అనుకున్నాను." ఆ న్యాయమే అన్న మాటకు నా ప్రాణం విలవిల్లాడింది, ఇన్నాళ్ళూ ఈ మనిషి ఆ మాట మింగుతూ ఎలా ఉన్నాడో, ఒక్కడూ ఆ వంటింట్లో ఎవరికి టీ పెడుతున్నాడో.

గేటు దగ్గర చప్పుడైంది. విట్లమ్, గొడుగు లేకుండా, నున్నగా దువ్వుకున్న జుట్టు మొహానికి అతుక్కుపోయి, గేటు గడియ తీస్తోంది. వచ్చి ఆయన ఎదుట నిలబడింది. క్షమాపణ చెబుతుందనుకున్నాను, మా జనం అందులో ఆరితేరినవాళ్ళు కదా, అరగంటైనా చెప్పగలరు. చెప్పలేదు. "మిస్టర్ ఓల్డ్‌రాయిడ్," అంది, "మీరు చేర్చుకున్న పిల్లల్లో ఒక్కర్ని కూడా నేను పంపించెయ్యలేదు. అది మీకు చెప్పాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను."

"ఒక్కర్ని కూడానా?"

"ఒక్కర్ని కూడా."

"డేనీ హార్గ్రీవ్స్ ఉన్నాడా?"

"ఉన్నాడు. నిన్న కూడా కిటికీ పగలగొట్టాడు."

డెరెక్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, తడి చొక్కాతో తుడిస్తే ఇంకా తడిశాయి, అవే పెట్టుకున్నాడు. కుక్క తాడు ఎవరో అందుకున్నారు, ఎవరో నేను చూడలేదు, ఆయన చెయ్యి మాత్రం నేను పట్టుకున్నాను, మంచులా ఉంది. బిషప్పు గారు ముందు నడిచారు, వెనక మేం ముగ్గురం, బూట్లలోంచి నీళ్ళు కారుతూ. హాల్లోకి అడుగు పెట్టాం. అందరూ బిషప్పు గారికి లేచి నిలబడ్డారు, ఆయన కూర్చోమని చేత్తో చూపించారు, చిన్న తరగతులు కూర్చున్నాయి, తల్లులు కూర్చున్నారు, మేయరు కూర్చున్నాడు. వెనక వరసల్లోని పెద్ద పిల్లలు కూర్చోలేదు. అక్కడెవరో సర్ అన్నారు, ఒక్క గొంతు, తర్వాత ఇంకోటి, ఆ తర్వాత వసారాల్లో మాట్లాడకూడదని, హాల్లో కదలకూడదని నేర్పినదంతా ఎటు పోయిందో, వరసలు విరిగిపోయాయి, ఊదా కోట్లన్నీ మా మీదికి వచ్చేశాయి. విట్లమ్ ఆపలేదు. తన కుర్చీ తనే ఎత్తుకొచ్చి మొదటి వరసలో ఆయనకు వేసింది. ఆయన కూర్చోలేదు. పిల్లలు కూర్చోనిస్తేగా.